మిర్చి కొట్లో బదులు మనిషి

అప్పు చేసి పప్పుకూడు తినేవాణ్ణి లోకం వెక్కిరిస్తుంది, సరే. దుర్గయ్య చేసిన అప్పులో పప్పుగింజ కూడా లేదు. పోయినేడు వానాకాలంలో భార్య లీలమ్మకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పద్దెనిమిది రోజులు నర్సింగ్‌హోంలో ఉంది. ఆ బిల్లు ఆరువందల నలభై రూపాయలూ కట్టింది ఉస్మాన్‌గంజ్ మిర్చి వ్యాపారి అమరనాథ్ సేఠ్. ఆయన కొట్లోనే దుర్గయ్య హమాలీ. రోజుకో రూపాయి కూలిలోంచి పోతున్నా, వడ్డీ పుణ్యమా అని ఏడాదికి అప్పు సగం కూడా తరగలేదు.

దుమ్ము, ఘాటు లీలమ్మ దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో తాలింపులో ఎండుమిర్చి వేయలేదు. దుర్గయ్య గల్లీ నల్లా దగ్గరే స్నానం చేసి, బట్టలు జాడించుకుని గానీ గడప తొక్కడు.

అలాంటివాడికి సర్కారీ ప్రెస్సులో నౌకరీ కాగితం వచ్చింది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకున్న ఆరేళ్ళకు! సోమవారం పదింటికల్లా చేరకపోతే అది వరసలో తరవాతివాడికి పోతుంది.

“జీతంలకెల్లి నెలనెలా కడ్త సేఠ్, నన్ను ఇడువుండ్రి,” అని బతిమాలాడు.

“నౌకరీ చేస్కో దుర్గయ్యా, నేనెందుకు అడ్డమొస్త?” అన్నాడు సేఠ్ చల్లగా. “గానీ ఖాతా తీరేదాక నీ జాగల ఒక మనిషిని పెట్టాలె. బజార్ కాయిదా నీకెర్కే గదా. మూటలే మొయ్యాల్నని లేదు, తొడిమెలు తీసెటోళ్ళైనా నడుస్తది.”

సేఠ్ అరిచినా బాగుండేది, ఎదురు తిరగడానికి ఒక సాకు దొరికేది. దుర్గయ్య పురానాపూల్‌లో ఉన్న అక్క ఆండాలు దగ్గరికి పరుగెత్తాడు.

“నేనొస్తే నా పోరగాండ్లకు ఎవరు వండుతరు రా?” అందామె. అదీ నిజమే. ఆదివారం పొద్దుగూకేదాకా తిరిగినా మనిషి దొరకలేదు. కాగితాన్ని మడిచి ట్రంకుపెట్టె అడుగున పెట్టి, లీలమ్మకు సేఠ్ షరతు సంగతి చెప్పకుండా పడుకున్నాడు. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

సోమవారం లేచేసరికి లీలమ్మ ఇంట్లో లేదు. మంచం కోడు దగ్గర ఉతికిన చొక్కా, దాని మీద నౌకరీ కాగితం ఉన్నాయి. అక్క చెప్పిందో ఏమో! కొట్టుకు పరుగెత్తాడు.

ఎర్రటి మిరపకాయల కుప్ప ముందు, ముక్కుకు కొంగు కట్టుకుని, లీలమ్మ తొడిమెలు తీస్తోంది.

“లే! నీ పానం కన్న నౌకరీ ఎక్వనా?” చెయ్యి పట్టి లాగాడు.

“నీ పేరు కొట్టేసి నా పేరు రాసిండ్రు. ఇప్పుడు నేను లేస్తే ఈ కూలీ, నీ నౌకరీ రెండూ పోతయి.” విదిలించుకుంది. “టైమైతున్నది, పో.”

ఆమె కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. పక్కన కూర్చున్నవాళ్ళంతా దగ్గుతున్నారు, ఆమె మాత్రం దగ్గడం లేదు. తను ఎదురుగా ఉన్నంతసేపూ దగ్గదని దుర్గయ్యకు అర్థమైంది.

వెనక్కి చూడకుండా, ఆమె కోసమే, గబగబా మెట్లు దిగాడు. బజారు మలుపు దాటకముందే ఆ దగ్గు వినిపించింది.