సంగటి కెలికిన చెయ్యి

నా భార్య వెంకటసుబ్బమ్మ కుడిచెయ్యిని మా అక్క గురమ్మ చంపింది. ఆ చెయ్యి లేకనే నా భార్య పోయింది. ఇందులో ఊహ లేదు, అనుమానం లేదు. కంప్యూటర్‌లో గీతలతో సహా ఉంది. నేను కళ్ళారా చూశాను.

మాది పెద్దముడియం మండలంలో ఒక పల్లె. శనగ పండే నల్లరేగడి. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. బావ పోయాక మా ఇంటికి వచ్చేసింది. పద్నాలుగేళ్ళుగా మా పొయ్యి దగ్గర పెత్తనం ఆమెదే. సుబ్బమ్మ ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

పోయిన కార్తీకంలో, శనగ విత్తి వారమైంది. పొద్దున్నే చెంబు పట్టుకోబోయి సుబ్బమ్మ జారవిడిచింది. మూతి ఒక పక్కకు లాగేసింది. పక్షవాతానికి పసరు పోసే మనిషి దగ్గరికి పోదామని అక్క అంది. నేను వినలేదు. మా ఊరి ఆటో అమీర్ బాషాను పిలిచి గంటంబావులో ప్రొద్దుటూరు చేర్చాను. ఆ పని సరిగానే చేశాను. డాక్టరు కూడా అదే అన్నాడు.

ప్రాణం దక్కింది. మాట కొంచెం ముద్దగా వచ్చినా వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడిచింది. కుడిచెయ్యి మాత్రం చచ్చుబడి వేలాడింది. మూడో రోజు పెద్ద స్కానింగ్ తీశారు. డాక్టరు నన్ను తెర ముందు కూర్చోబెట్టాడు. మెదడుకు ఎడమ పక్క చింతగింజంత మచ్చ. దాన్ని ఒరుసుకుంటూ పోయే సన్నటి దారాలకు రంగులు వేసి ఉన్నాయి.

“ఇవి చేతికి పోయే దారులు. దెబ్బతిన్నాయి గానీ తెగలేదు. చేతిని వాడితే మళ్ళీ తెరుచుకుంటాయి. వాడకపోతే మూసుకుపోతాయి. మొదటి మూడు నెలలు చాలా ముఖ్యం” అన్నాడు.

మూడు నెలలు. ఆ మాట నాకు బాగా అర్థమైంది. నా ఒక్కడికే అర్థమైనట్టుంది.

ఇంటికి పంపే రోజు రిహానా అనే పిల్ల వచ్చింది. ఒక ట్రస్టు తరఫున పక్షవాతం వచ్చినవాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడించే పని నేర్పిస్తుంది. జమ్మలమడుగులో వాళ్ళకొక గది ఉంది. సుబ్బమ్మ కుడి మణికట్టుకు చేతిగడియారం లాంటి బూడిదరంగు పట్టీ కట్టింది. లోపల సెన్సర్ ఉందట. చెయ్యి కదిలిన ప్రతిసారీ లెక్కపెడుతుంది. ఆ లెక్క నా ఫోనులో కనిపిస్తుంది.

“రోజుకు ఆరు వందలు దాటాల పెద్దాయనా. దాటకపోయినా భయపడాకండి. నెలన్నర చూస్తాం. లెక్క తక్కువుంటే పులివెందులలో మా వార్డు ఉండాది, ఆడికి పిలిపించి నెల పొద్దులు దగ్గరుండి చేయిస్తాం. మంచాలు ఎనిమిదే. ఎవరికి అవసరమో లెక్క చూసే ఇస్తాం.”

అక్క వైపు తిరిగి ఇంకో మాట చెప్పింది.

“పెద్దమ్మా, తినేటప్పుడు ఎడమచేతికి గుడ్డసంచి కట్టేయండి. కుడిచేత్తోనే తినాల. కిందబడనీ, మీదబడనీ. ఎవరూ తినిపియ్యొద్దు.”

అక్క తలూపింది.

ఇంటికి వచ్చిన మొదటి పూటే తేలిపోయింది. చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు నట్టింట్లో కూర్చున్నారు. సుబ్బమ్మ సంచి కట్టించుకుని సంగటి ముద్ద మీద కుడిచెయ్యి పెట్టింది. వేళ్ళు ముడుచుకోలేదు. పప్పు చీర మీదికి కారింది. అక్క పళ్ళెం లాక్కుంది.

“ఊరంతా చూస్తాంటే ఇట్ల మీదబోసుకుంటావా? అగుడు గాదా మనకు? నోరు తెరువు.”

“ఆ పాప తినిపియ్యొద్దనింది వదినా.”

“ఆ పాపదేం పోయింది, చెప్పేసి పోయింది. ఈడ మాట పడేది నేను. గురమ్మ మరదలికి ఇంత ముద్ద పెట్టల్యాకపోయిందంటారు. తెరువు నోరు.”

తినిపించింది. నేను వాకిట్లోనే ఉన్నాను. “డాక్టరు చెప్పింది వినక్కా” అని ఒకసారి అన్నాను. “పొలం పని చూసుకో పో” అంది. పొయ్యి దగ్గరి సంగతి ఆడవాళ్ళదని ఊరుకున్నాను. ఆ పూట నుంచి ప్రతి పూటా అక్కే తినిపించింది. గుడ్డసంచి దండెం మీదికి చేరింది.

ఫోను మాత్రం నేను విడవలేదు. పొద్దుగూకి చేని నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా లెక్క చూసేవాణ్ణి. డెబ్బై ఒకటి. అరవై నాలుగు. తొంభై. మా బడిలో మార్కు తక్కువైతే అయ్యవారు బెత్తం విరిగేదాకా కొట్టేవాడు. ఆ దెబ్బలకే నాకు ఎక్కాలు వచ్చాయి. నాకు తెలిసిన దారి అదే.

“డెబ్బై ఒకటి. పొద్దన్నించి ఏం చేస్తాండావు? గోడకానుకోని కూచ్చున్నావా?”

“ఎత్తుతానే ఉండా. అది లేయడం ల్యా.”

“ల్యాకుంటే లేపాల. వీరపునాయునిపల్లెలో ఎవరో ముసిలాయన రెండొందలు చేస్తాండాడంట. నీకేం రోగం?”

“ఇదే గదయ్యా రోగం” అనేది.

ఏడ్చేది. ఏడిస్తే మూతి ఇంకా వంకరపోయేది. నేను ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి. అది కోపం కాదు భయం అని ఎవరైనా నన్ను ఓదార్చబోతే వద్దు. కోపమే. రోజులు పోతున్నాయి. చెయ్యి లేవడం లేదు. నాకు కోపం వచ్చింది.

మూడో వారంలో లెక్క ఒక్కసారిగా లేచింది. మూడు వందల నలభై. మరుసటి రోజు ఐదు వందల ఇరవై. తర్వాత ఆరు వందల ఎనభై. ఫోనులో పచ్చ గుర్తు వెలిగింది. నేను ప్రొద్దుటూరు పోయి లడ్లు తెచ్చి వీధంతా పంచాను. సుబ్బమ్మ నోట్లో నా చేత్తో ఒకటి పెట్టాను. ఆమె నమిలింది.

నెలన్నరకు రిహానా ఫోను చేసింది.

“పెద్దాయనా, మా పట్టికలో అమ్మే అందరికంటే పైనుండాది. పులివెందులకు రావల్సిన పనిల్యా. ఆ మంచం ఇంకొకరికి ఇస్తాండాం, సరేనా?”

“ఇయ్యి తల్లీ, ఇయ్యి” అన్నాను.

ఆ మాట నా నోటితోనే అన్నాను. ఎందుకు అన్నానో ఇప్పుడు అందరికీ తెలుసు.

మూడు నెలలు నిండాక చెయ్యి చూపించమని జమ్మలమడుగుకు రమ్మన్నారు. శనగ కోత మొదలైంది, అయినా పోయాను. అమీర్ బాషా ఆటోలోనే. వాడు దారంతా నోరు మూయలేదు.

“మామా, అత్తకు చెయ్యొచ్చిందంట గదా. ఇంగ నీ వీపు జాగర్త. నలభై ఏండ్ల కసి ఉంటాది.”

“రోజుకు ఆరు వందల ఎనభై రా. అన్నిసార్లు నీ చెయ్యి తిరగదు.”

“హ్యాండిల్ తిప్పేటోణ్ణి, నాకు తిరగదా? ఆ పట్టీ ఒక్కపొద్దు నాకు కట్టు మామా, జిల్లా ఫస్టొస్తా.”

నేను నవ్వాను. సుబ్బమ్మ కొంగు కింద చెయ్యి దాచుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

గదిలో మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా. దాని ముందు బల్ల మీద చెయ్యి పెట్టించారు. తెర మీద ఆ చెయ్యి కనిపించింది. ప్రతి వేలి కణుపు మీద ఒక చుక్క. చెయ్యి కదిలితే చుక్కలు కదలాలి.

“తెరవండమ్మా” అంది రిహానా.

చుక్కలు కదలలేదు.

“ఇంకొకసారి.”

కదలలేదు. రిహానా తనే ఆ వేళ్ళు విప్పబోయింది. సుబ్బమ్మ కెవ్వుమంది. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుని బిగుసుకుపోయాయి. గోళ్ళు దిగిన చోట అరచెయ్యి ఎర్రగా ఒరిసి ఉంది.

ఆ పిల్ల ముఖం మారింది. కంప్యూటర్‌లో పట్టీ లెక్కలు తీసింది. అంతవరకు నేను చూసింది మొత్తం లెక్క ఒక్కటే. అక్కడ గంట గంటకూ గీతలున్నాయి. వేలు పెట్టి చూపించింది.

“చూడండి పెద్దాయనా. పొద్దన్నించీ ఏమీ ల్యా. పదిన్నరకు మొదలైతాది. అరగంట ఒకటే తీరుగా గుండ్రంగా తిరుగుతాండాది. మధ్యమధ్యలో గట్టిగా అదుముతాండాది. మళ్ళా రేపటిదాకా ఏమీ ల్యా. ప్రతి పొద్దూ ఇంతే. ఇది రోగి చెయ్యి గాదు.” గీత వెంట వేలు తిప్పింది. “మా యమ్మ ఇంట్లో చేసేదే ఇది. సంగటి కెలికే చెయ్యి.”

నేను సుబ్బమ్మను చూశాను. ఆమె నేలను చూసింది.

“నేను గూడా గీతలు ముందే చూడాల్సింది. లెక్క బాగుందని ఇంటికి రాల్యా” అంది రిహానా.

“ఇప్పుడు పులివెందులకు తీసుకపో.”

“రాసుకుంటా. రెండు నెల్లు పట్టొచ్చు. వేళ్ళు బిగుసుకున్యాయి పెద్దాయనా. అప్పుడు వచ్చుంటే వచ్చేంత ఇప్పుడు రాదు.”

ఇంటికి వచ్చేసరికి అక్క అరుగు మీద చాటతో శనగలు చెరుగుతోంది.

“ఆ పట్టీ నువ్వు కట్టుకున్నావా?”

“కట్టుకున్నా.”

“ఎందుకు?”

“లెక్క రావాల గదా.”

అంతే. అక్క సుబ్బమ్మ వైపు ఒకసారి చూసి మళ్ళీ చాట అందుకుంది. మూట కట్టుకుని పొమ్మన్నాను. సుబ్బమ్మ ఎడమచేత్తో నా చొక్కా పట్టుకుంది. “వదిన పోతే నేనూ పోతా” అంది. అందుకని ఉండనిచ్చాను. ఆ రోజు నుంచి అక్కతో మాట్లాడలేదు.

పులివెందుల నుంచి పిలుపు రాకముందే ఉగాది వచ్చింది. పండగైన నాలుగో రోజు జలకాలగదిలో సుబ్బమ్మ కాలు జారింది. కుడి పక్కన చేతికి అందేంత దూరంలో దారబందం ఉంది. చంటిబిడ్డ చెయ్యి అయినా దాన్ని పట్టుకుంటుంది. ఆమె చెయ్యి తెరుచుకోలేదు. తుంటి విరిగింది. ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేశారు. మంచం దిగలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నలభై రోజులకు పోయింది. మంచం ఖాళీ అయింది రమ్మని పులివెందుల నుంచి ఫోను వచ్చినప్పుడు ఆమె ముక్కులో గొట్టం ఉంది.

దినాల రోజు బంధువులంతా తిని చాపల మీద కూర్చున్నారు. నేను నిలబడి చెప్పాను. తినిపించడం చెప్పాను, పట్టీ చెప్పాను, గీతలు చెప్పాను. “ఈమె చంపింది. ఇప్పుడే ఈ గడప దాటాల” అన్నాను.

అక్క మోకాళ్ళు పట్టుకుని లేచింది.

“పోతా. పట్టీ కట్టుకోమనింది ఎవరో చెప్పి పోతా. సుబ్బమ్మే.”

“అబద్ధం.”

“డెబ్బై ఏండ్లకు నాకెందుకురా అబద్ధం? సాయంత్రం నీ బండి సప్పుడు ఇనబడితే సాలు, అది ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకోని ఊపుతాండె, లెక్క పెరుగుతాదేమోనని. ‘వదినా, ఈ ఒక్కపొద్దు నువ్వు కట్టుకో, ఆయప్ప అరవకుండా ఇంత తిననీ’ అనింది. కట్టుకున్నా. నువ్వు నవ్వుకుంటా లోపలికొచ్చినావు. మర్సటి పొద్దు మళ్ళా అడిగింది.”

“నాకు చెప్పేదానికేం?”

“చెప్తే మళ్ళా అరుస్తావు గదరా దాని మీద. నాది తప్పే. తినిపిచ్చింది తప్పే, కట్టుకునింది తప్పే. కాదంటాండానా? నువ్వు ఆ ఫోను చూసినన్నిసార్లు దాని చెయ్యి చూసినావా? మూడు నెల్లు ఒక కప్పు కింద ఉంటిరి. ఒక్కనాడన్నా పట్టుకోని చూసుంటే, వేళ్ళు ముడుసుకపోయింది నీకు తెలిసుండదా?”

నా భార్య తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఏదైనా అంటానని చూశాడు. నేను గడప వైపు చెయ్యి చూపించాను.

అమీర్ బాషా ఆమె మూటను ఆటోలో పెట్టాడు. వీరపునాయునిపల్లెలో ఆమె కూతురి ఇంటికి చేర్చాడు. అప్పటి నుంచి వాడు నన్ను మామా అని పిలవడం లేదు. పిలవకపోతే మానె.

అక్కను నేను క్షమించలేదు, క్షమించను. సుబ్బమ్మ అడిగే ఉంటుంది. జబ్బు మనిషి వంద అడుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు బుద్ధి ఉండాలి. అరిచినందుకు ఎవరూ చావరు. అరిచింది బాగుపడాలనే.

పోయిన వారం రిహానా ఫోను చేసింది. ఇప్పుడు ఆ పిల్ల లెక్కను నమ్ముకోకుండా ఇల్లిల్లూ తిరుగుతోందట. ఒక ఇంట్లో పట్టీని మేకపిల్ల మెడకు కట్టి ఉంచారట.

“జమ్మలమడుగులో శనివారం ఇండ్లోళ్ళందర్నీ పిలుస్తాండాం పెద్దాయనా. నేను చెప్తే వినరు. మీ ఇంట్లో జరిగింది మీ నోటితో రెండు మాటలు చెప్పండి. ఇంకొక చెయ్యన్నా బతుకుతాది.”

“మా అక్కను పిలుచుకో. మాట్లాడేది ఆమెకు బాగా వచ్చు.”

“అడిగినా. వస్తానన్యాది. మీరు పక్కనుంటేనే నోరు తెరుస్తానంటాంది.”

నేను ఫోను పెట్టేశాను. శనివారం పోలేదు. ఆ పిల్లకు కావలసింది నేను రాసిన ఈ కాగితాల్లో ఉంది, చదివి వినిపించుకోవచ్చు. అక్క అన్న మాటలు కూడా దాచకుండా పెట్టాను. ఇక దీని గురించి మాట్లాడను. ఊరు అడిగినా, డాక్టర్లు అడిగినా, అక్క వచ్చి నా గడపలో కూర్చున్నా. మాట్లాడను.