తౌనో బాగానే ఉన్నాడట

తౌనో అంటే నాకు పడదు. సరస్సు ఒడ్డున మా బాటలో ఉన్నవి రెండే ఇళ్ళు, ఒకటి నాది, ఒకటి అతనిది. ఊరంతా ఖాళీగా ఉండగా సరిగ్గా నేను బట్టలారేసే తీగకు ఎదురుగా అతను ఆవిరి స్నానాల గది కట్టుకున్నాడు. శనివారం వచ్చిందంటే దాని పొగంతా నా దుప్పట్లకే. మునిసిపాలిటీకి ఫిర్యాదు చేస్తే, పొగగొట్టాన్ని ఇంకాస్త నా వైపు తిప్పాడు. అలాంటి మనిషి మీద నేను ఆధారపడాల్సి వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

షుగరు వల్ల నాకు చూపు తగ్గింది. నర్సు మెర్వి వ్యానులో వచ్చి, మందులు పెట్టెలో సర్ది, ఇక్కడ పనయ్యాక తౌనో ఇంటికి వెళ్ళేది. మెర్వి ఎప్పుడూ ఎలా ఉన్నారని అడగదు. వస్తూనే ఫ్రిజ్ తెరుస్తుంది, సింకులో గిన్నెలు చూస్తుంది, మేజోళ్ళు ఊడదీసి నా పాదాలు తడుముతుంది. అడిగితే మాత్రం మావాళ్ళలో ఎవరు చెబుతారు? ఒళ్ళు కాలిపోతున్నా "బాగానే ఉన్నా" అనడం మా ఫిన్లాండు మర్యాద.

ఈలోగా ప్రభుత్వం కృత్రిమ మేధ వ్యూహమంటూ ఒకటి రాసింది. అందులో మానవ భద్రత అని ఒక అధ్యాయం. ఆ భద్రత మా బాట దాకా వచ్చేసరికి అరచేతంత మాట్లాడే పెట్టె అయింది. ఇక మెర్వి బదులు రోజూ పొద్దున అదే పలకరిస్తుందట. జనం మాట వింటామని మునిసిపాలిటీ హాల్లో సభ పెట్టారు. ఒక బాటలో ఇద్దరికి అవసరమైతేనే వ్యాను వస్తుంది, ఒక్కరి కోసం రాదు అని ముందే తేల్చేశారు. అంటే తౌనో కూడా నోరు విప్పాలి.

సభకు ముందు రోజు అతని ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబెట్టాడు.

"మళ్ళీ పొగ గోలేనా?"

"పొగ కాదు. కట్టెల షెడ్డులో పడి, లేవలేక, మెర్వి వచ్చేదాకా అక్కడే ఉన్నావు కదా. రేపు ఆ ముక్క చెప్పు చాలు."

"నీకెవరు చెప్పారే?"

"మెర్వి నిన్ను షెడ్డులోంచి లేపుకొస్తుంటే చూశాను, ఇప్పటికీ కుంటుతున్నావు. నాకు చూపు తగ్గింది గానీ పోలేదయ్యా."

"సరేలే, చెబుతా. ఇక పో."

సభలో కాఫీ, యాలకుల బన్నులు పెట్టారు. ఎప్పటిలాగే ముందు వరుసలన్నీ ఖాళీ, జనమంతా గోడకి అతుక్కుని కూర్చున్నారు. రాజధాని నుంచి హెన్రీకా అనే ఆవిడ వచ్చింది, చక్కగా నవ్వే మనిషి. మనిషిని కేంద్రంలో పెట్టి ఈ వ్యూహం రాశామంది. ఆ కేంద్రం ఎక్కడుందో గానీ మా బాటలో మాత్రం లేదు.

"నేను పడిపోతే?" అని అడిగాను.

"మీరు పెట్టెకు ఒక్క మాట చెబితే చాలు అమ్మా, వెంటనే మనిషి వస్తారు. చెప్పకపోయినా ఇంట్లో గొంతులు పెరిగితే, ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తున్నట్టు వినిపిస్తే, అదే కనిపెట్టి పంపిస్తుంది."

"నన్ను బెదిరించడానికి అక్కడెవరున్నారమ్మా, కుందేళ్ళా?"

వెనక ఎవరో నవ్వి, ఆపుకున్నారు. అప్పుడావిడ తౌనో వైపు తిరిగింది. "తాతగారూ, మీరు చెప్పండి. ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నారు?"

హాలంతా అతని వైపు చూసింది. తౌనో టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకేం. బాగానే ఉన్నాను."

కాఫీ కప్పు అతని నెత్తిన బోర్లించాలనిపించింది. హెన్రీకా ముఖం వెలిగిపోయింది. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని సభాధ్యక్షుడు అడిగాడు. ఉన్నాయని అరిచాను. ఒక్క గొంతు. మిగతావాళ్ళంతా బన్నుల వైపు చూస్తూ కూర్చున్నారు. మా దగ్గర మౌనమంటే ఒప్పుకున్నట్టే. అధ్యక్షుడు సుత్తితో బల్ల మీద కొట్టాడు, అంతటితో మెర్వి మా బాటకు రావడం ఆగిపోయింది.

బయట మంచులో తౌనోని పట్టుకుని నోటికొచ్చినట్టల్లా తిట్టాను. చివరికి అతను ఒకటే అన్నాడు. "పరాయివాళ్ళ ముందు ఏం చెబుతారే?"

పెట్టె వచ్చింది. వంటింటి అలమరలో కూర్చుని రోజూ పలకరించింది, నేను జవాబివ్వడానికి కూడా ఒప్పుకోలేదు, అదీ పట్టించుకోలేదు. తర్వాత ఒక పొద్దున, పొయ్యి వెలిగిద్దామని వెళుతూ తివాచీ అంచు తట్టుకుని పడ్డాను. నడుములో ఏదో కలుక్కుమంది. లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. నేల చల్లగా ఉంది.

"శుభోదయం ఐలి గారూ. ఎలా ఉన్నారు?"

ఒక్క మాట చాలు. హెన్రీకా అదే కదా చెప్పింది. నోరు తెరిచాను.

"బాగానే ఉన్నాను," అన్నాను.

"చాలా సంతోషం," అంది పెట్టె, ఊరుకుంది.

ముక్కూ మొహం తెలియని దానికి నా నడుము సంగతి చెప్పడమేమిటని నోరు దానంతటదే అనేసింది. తౌనోని తిట్టిన తిట్లన్నీ నాకే తిరిగొచ్చాయి. సిగ్గుతో ఏడుపొచ్చింది. మళ్ళీ పిలవొచ్చని తెలుసు, అయినా పిలవలేదు.

చాలాసేపటికి తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. తౌనో బూట్లు.

"పొయ్యి ఎందుకు వెలిగించలేదే?"

"నీకెందుకు?"

"నీ గొట్టంలో పొగ లేదు."

"ఓహో, నా పొగ మీద కన్నేశావా? ఇన్నాళ్ళూ నీ పొగ తిని బతికానయ్యా నేను!"

"మాటలాపి చెయ్యి ఇలా ఇవ్వు."

"ముట్టుకున్నావంటే చంపేస్తా! సభలో నా గొంతు కోసిన చేత్తోనే లేపుతావా?"

"అయితే అక్కడే పడి చావు, మొండి ముసల్దానా!"

"నువ్వే చావు! ముందు నువ్వే చావు!"

అలమరలో పెట్టె కీచుమంది. "గొంతులు పెరిగాయి. మీకు ఒక వ్యక్తి నుంచి ముప్పు ఉన్నట్టుంది. సహాయం పంపుతున్నాం."

"నోర్ముయ్!" అన్నాం ఇద్దరం దాన్ని.

తౌనో నా తల కింద తన కోటు మడిచి పెట్టాడు. పొయ్యి వెలిగించాడు, అదీ తడి కట్టెలతో, ఇల్లంతా పొగ చేశాడు. ఆ ముక్క కూడా ముఖం మీదే అన్నాను. చాలాసేపటికి బాట మీద వ్యాను చప్పుడైంది.

వచ్చింది మెర్వి. దగ్గర్లో ఉన్నది ఆమేనట, ముసలాడెవడో ముసలావిడని చంపుతున్నాడని పంపారట. గుమ్మంలో నిలబడి నన్ను చూసింది, తౌనోని చూసింది. ఏమీ అడగలేదు. బూట్లు విప్పి లోపలికొచ్చి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి నడుము మీద వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"నాకు బాగాలేదు మెర్వీ," అన్నాను.

తౌనో ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"నాక్కూడా," అన్నాడు.