వాల్వుల మీద మసి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. ఒక పొద్దున, వెనక సీట్లో మా పాప ఐలి ఉండగా, నా కారు దారిలో ఆగిపోతుందని. ఆ మంచులో పిల్లని ఎత్తుకుని నేను నిలబడి ఉన్న ఆ సమయంలోనే హిల్కా మామ్మ తన వంటింట్లో నేల మీద పడి, తలుపు వైపు చూస్తూ ఉంటుందని. నేను చచ్చిపోతానని కాదు నా భయం. ఒకరు నా కోసం చూస్తున్నారని తెలిసి కూడా వెళ్ళలేకపోవడం.

హిల్కా మామ్మ మాకు బంధువేమీ కాదు. నేను ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళని చూసుకునే పని చేస్తాను. మందులు వేయించడం, మేజోళ్ళు తొడగడం, గంజి కాచిపెట్టడం. చదువు పూర్తి చేసి ఉంటే నర్సునయ్యేదాన్నేమో, లేదా మొదట చేరినట్టు కార్ల మెకానిక్కునే అయ్యేదాన్నేమో. ఆ చదువు మధ్యలో ఐలి కడుపున పడింది. "ఒక సంవత్సరం ఆగు, తర్వాత చూద్దాం" అన్నాడు మా ఆయన టార్మో. ఐలికి ఇప్పుడు మూడేళ్ళు. ఆ తర్వాత ఏమిటో మేమిద్దరం ఇంకా చూడలేదు.

నా పొద్దు ఇలా ఉంటుంది. కారు మీద మంచు గీకుతాను. ఐలిని సీటులో బిగిస్తాను. స్టార్ట్ చేస్తే ఇంజను జ్వరమొచ్చినట్టు వణుకుతుంది. ఇంజను బాగోలేదని చెప్పే పసుపుపచ్చ దీపం వెలిగి ఆరుతుంది. పిల్లల బడి దగ్గర ఆపుతాను. అక్కణ్ణుంచి మామ్మ ఇల్లు, అక్కణ్ణుంచి చెరువు అవతల ముసలాయన, అక్కణ్ణుంచి చర్చి వెనక ఉండే అక్కాచెల్లెళ్ళు. ఎక్కడికెళ్ళినా రెండు మలుపులు, ఒక గుట్ట, అంతే. కారు వేడెక్కేలోపే ఆపాలి, చల్లారేదాకా లోపల పని, మళ్ళీ చల్లటి ఇంజను. మధ్యలో అత్తయ్య ఫోను: "అమ్మాయ్, అటే కదా వెళ్తున్నావు, నన్ను కాస్త కొట్టు దగ్గర దింపు." ఆవిడ ఉండేది సరిగ్గా ఇటు. అయినా నేనెప్పుడూ అటే వెళ్తున్నట్టు ఆవిడ లెక్క. ఎక్కి కూర్చుని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఇదేంటమ్మా, పాలు పితికే మిషన్లా కొట్టుకుంటోంది, గేరు తగ్గించి నడపరాదూ" అంటుంది. తగ్గించి నడిపితే, "ఇంత నెమ్మదిగానా? తలకి రంగు వేసే అమ్మాయి నాకోసం కూర్చుంటుందా?" అంటుంది.

టార్మోకి చెబుతూనే ఉన్నాను. సాయంత్రం నేను ఇంటికొచ్చాక తాళాలు తీసుకుని, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొస్తాడు. రోజంతా అక్కడికీ ఇక్కడికీ తిరిగి, అత్తయ్యని దింపి, సరుకులు తెచ్చి అప్పుడే ఆపిన కారు. ఎందుకు వణుకుతుంది? బూట్లు విదిలించుకుంటూ లోపలికొచ్చి, "వెన్నలా పోతోంది. ఇంజను వణకట్లేదు, వణికేది నువ్వు" అంటాడు. ఒకసారి పిల్లల క్లినిక్‌లో నర్సు ముందు కూడా అన్నాడు: "పిల్ల ఊపిరి తీస్తోందా లేదా అని రాత్రుళ్ళు లేచి వింటుంది. ఇప్పుడు కారు ఊపిరి కూడా వింటోంది." నర్సు నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో తెలీదు. ఆ తర్వాత చాలా రోజులు నా చెవుల మీద నాకే నమ్మకం పోయింది. స్టార్ట్ చేసే ముందు ఊపిరి బిగబట్టి, ఇవాళ వణికింది కారా నేనా అని స్టీరింగు మీద చేయి ఆనించి చూసుకునేదాన్ని. రెండూ వణికేవి.

ఊరంతా గడ్డకట్టిన ఆ పొద్దున వంతెన ఎక్కే గుట్ట మీద అది ఆగింది. ముందు దగ్గింది, దీపం గబగబా కొట్టుకుంది, తర్వాత ఎంత తొక్కినా ముందుకి పోలేదు. పక్కకి ఆపేసరికి పూర్తిగా చచ్చిపోయింది. "అమ్మా, కారు బజ్జుందా?" అంది ఐలి. అవునమ్మా అన్నాను. టార్మోకి ఫోను చేశాను, మిల్లులో వాళ్ళ ఫోన్లు అల్మారాల్లో ఉంటాయి. అత్తయ్యకి చేశాను. "నేను చెప్పలేదూ గేరు తగ్గించమని" అంది. మా కంపెనీకి చేశాను. "సరే, రాసుకున్నాను, కుదిరినవాళ్ళని పంపుతాం" అంది ఫోను దగ్గరి అమ్మాయి. కుదిరినవాళ్ళంటే ఎవరూ లేరని మా ఇద్దరికీ తెలుసు. ఐలిని కోటులోపలికి పెట్టుకుని బడిదాకా నడిచాను. పిల్లని లోపల దింపి బయటికొస్తే మంచు తోసే ట్రాక్టరు ఒకటి కనిపించింది. చేయెత్తాను. అతను పక్క సీటు మీది ఫ్లాస్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మామ్మ గుమ్మం ముందు దింపాడు.

మామ్మ పొయ్యి పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒక కాలు చాపి, ఒక కాలు తన కింద మడతపడి, చేతికి అందిన తువ్వాలు భుజాల మీద కప్పుకుని. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏం చేస్తున్నారు మామ్మా ఇక్కడ?" అన్నాను.

"బల్ల కింద ఊడుస్తున్నావా లేదా అని చూద్దామని దిగాను పిల్లా. ఊడవట్లేదు."

పట్టుకుని లేపాను. ఎముక విరగలేదు. మెడలో వేసుకోవలసిన అలారం బటన్ ఎప్పటిలాగే తలుపు పక్క మేకుకి వేలాడుతోంది, అల్లికలో చిక్కుకుంటుందని తీసేస్తుంది. ఎంతసేపయింది మామ్మా అంటే, "రేడియోలో ప్రార్థన అయిపోయింది, వాతావరణం అయిపోయింది, చేపల ధరలు కూడా అయిపోయాయి" అంది. తర్వాత నా చేయి వదలకుండా, చాలా మామూలుగా చెప్పింది: "నువ్వు వస్తావని తెలుసు. ఇవాళొస్తావా రేపొస్తావా అన్నదే తెలీలేదు."

ఆ మాట నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వట్లేదు.

కారుని లాక్కెళ్ళి గ్యారేజీలో పెట్టారు. మాట్లాడటానికి టార్మో వచ్చాడు, "నీకు చెబితే నువ్వు కంగారుపడి సగమే వింటావు" అని. నేను పక్కన నిలబడ్డాను. మెకానిక్కు ఒక సన్నటి కెమెరా తీగని ఇంజనులోకి పెట్టి తెర మీద చూపించాడు, టార్మోకి. నేను మెడ చాచి చూశాను. గాలి లోపలికి వెళ్ళే దారిలో ఉండే వాల్వులు. నేను చదివినప్పుడు పుస్తకంలో అవి వెండి పువ్వుల్లా మెరిసేవి. ఇక్కడ మాడిన పాలగిన్నె అడుగులా ఉన్నాయి, నల్లగా, పొరలు పొరలుగా. ఆ పెళుసు మసి పెరిగి పెరిగి గాలి దారి మూసుకుపోయింది.

"ఇంజను వేడిగా ఉన్నప్పుడు పెద్దగా తెలీదు," అన్నాడు మెకానిక్కు. "చల్లగా స్టార్ట్ చేసినప్పుడే బయటపడుతుంది. పొద్దున్నే వణికి ఉండాలే. నువ్వు గమనించలేదా?"

"నేను నడపను, ఆవిడ నడుపుతుంది," అన్నాడు టార్మో.

"అయితే ఆవిడకి చెప్పు," అన్నాడతను. నేను అతని మోచేతి పక్కనే ఉన్నాను.

అతను టార్మోకి చెప్పింది నేను విన్నాను. పాత ఇంజన్లలో పెట్రోలు ఈ వాల్వుల మీద పడి లోపలికి పోయేది, పోతూ పోతూ వాటిని కడిగేది. ఈ కొత్తవాటిలో పెట్రోలు నేరుగా లోపలికే చిమ్ముతుంది. తక్కువ తాగుతుంది, బలం ఎక్కువ, కానీ వాల్వుల మీద చుక్క కూడా పడదు. కింద నుంచి వచ్చే నూనె ఆవిరి వాటి మీద పేరుకుని కాలి, మళ్ళీ పేరుకుని మళ్ళీ కాలి గట్టిపడుతుంది. పెట్రోలులో ఏం మందు కలిపినా అక్కడికి చేరదు.

"అంటే ఇంజను చేసినవాళ్ళు అన్నీ ఆలోచించారు, కడిగే పని ఎవరిదో ఒక్కటే మర్చిపోయారు," అన్నాను నేను.

మెకానిక్కు మొదటిసారి నా వైపు తిరిగాడు. టార్మో నా భుజం మీద చేయి వేసి, "తనకి నిద్ర చాలట్లేదు" అన్నాడు అతనితో.

అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి మసి రాలగొట్టారు. కడగటం ఒక్కసారి అయిపోయే పనే. మళ్ళీ పట్టకుండా చూసుకోవడమే ఎప్పుడూ ఉండే పని. నూనె ఆలస్యం చేయకుండా మార్చాలి, ఈ ఇంజనుకి చెప్పిన రకమే పోయాలి. చల్లటి ఇంజనుతో చిన్న చిన్న దూరాలు వీలైనంత తగ్గించాలి. వారానికోసారైనా పెద్ద రోడ్డు మీద, ఇంజను నిండా వేడెక్కేదాకా నడపాలి. చలికాలం స్టార్ట్ చేసే ముందు వేడి చేయాలి. "ఈ కారుకి హీటరు ఉంది కదా. ముక్కు కింద ప్లగ్గు కూడా ఉంది. పెట్టట్లేదా?" అని అడిగాడు మెకానిక్కు, ఈసారి నన్నే.

"స్తంభం మా ఆయనది," అన్నాను.

అంతదాకా నాకెప్పుడూ అది వింతగా అనిపించలేదు. మా ఇళ్ళ ముందు కార్లు ఆపే చోట నడుమెత్తు కరెంటు స్తంభాలు ఉంటాయి. పడుకునే ముందు కారుని దానికి తగిలించి గడియారం తిప్పితే, బయల్దేరే వేళకి ఇంజను గోరువెచ్చగా ఉంటుంది. ఇంటికొక స్తంభం. మా స్తంభం దగ్గర టార్మో డీజిలు కారు. అతని ఇంజను మిల్లుదాకా పెద్ద రోడ్డు మీద హాయిగా వేడెక్కుతుంది, మిల్లులో ఇంకో స్తంభం ఉంటుంది. నాది చెత్త డబ్బాల పక్కన, మంచులో. ఎవరూ పోట్లాడి తీసుకోలేదు, ఎవరూ అడగలేదు. పెళ్ళయిన మొదటి చలికాలం అతను అక్కడ ఆపాడు, నేను ఇక్కడ ఆపాను, అంతే. ఇంట్లో చాలా విషయాలు ఇలాగే ఒకరోజు ఎక్కడ ఆగితే అక్కడే ఉండిపోయాయి.

ఇంటికొస్తూ స్తంభం నాకిమ్మని అడిగాను.

"డీజిలు చలిని తట్టుకోలేదు, నీకు తెలుసు," అన్నాడు.

"నాదీ తట్టుకోలేదుగా."

"నేను ఆలస్యమైతే షిఫ్టు మొత్తం ఆగుతుంది. నువ్వు ఆలస్యమైతే ఏమవుతుంది, ఒక గంజి ఆలస్యమవుతుంది."

"ఒక మనిషి నేల మీద కూర్చుంటుంది."

"మళ్ళీ మొదలెట్టావా." అతను కోపంగా అనలేదు. పాపం, అలసటగా అన్నాడు. టార్మో చెడ్డవాడు కాదు. ఐలికి జడలు వేస్తాడు, శనివారం ఆవిరిస్నానానికి సౌనా వెలిగిస్తాడు. అందుకే నా కోపాన్ని ఎక్కడ ఆపుకోవాలో నాకు తెలీదు.

మర్నాడు అతను రాకముందే నా కారుని స్తంభం దగ్గర ఆపి ప్లగ్గు పెట్టాను. ఏదో దొంగతనం చేసినట్టు అనిపించింది. అతను వచ్చాడు, భోంచేశాడు, టీవీ చూశాడు. పొద్దున నేను తలుపు తీసేసరికి కార్లు మళ్ళీ పాత చోట్లలోనే ఉన్నాయి. నా తీగ చక్కగా వలయాలుగా చుట్టి, మంచు పట్టకుండా ప్లాస్టిక్కు సంచీలో పెట్టి, నా కారు ముందు భాగం మీద ఉంది. విసిరేసి ఉంటే బాగుండేది. ఆ చుట్టలో ఎంత ఓపిక ఉందో చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. "నువ్వు పరాకున నా చోట్లో ఆపావేమో అనుకున్నా," అన్నాడు కాఫీ పోసుకుంటూ. "ఆదివారం అమ్మ నామదినం, పేరు పండగకి అందరూ కాఫీకొస్తారు, కేకు నువ్వే చేయాలి, మర్చిపోకు."

ఇవాళ ఆదివారం. కేకు చేశాను, బల్ల మీద గుడ్డ కప్పి పెట్టాను. టార్మో నిద్రపోతున్నాడు, మిల్లుకి సెలవు, అయినా స్తంభం అతని డీజిలుకే తగిలించి ఉంది. నేను బయటికెళ్ళి దాన్ని ఊడదీశాను. నా కారుని పక్కకి చేర్చి, తీగ లాగి పెట్టాను. ఐలి బూట్లు తొడుక్కుని గుమ్మం దగ్గర కూర్చుని ఉంది, ఎక్కడికని అడుగుతోంది. ఇంజను వేడెక్కేదాకా నేను వంటింటి బల్ల దగ్గర ఇది రాస్తున్నాను, అక్షరాలు పెద్దవి చిన్నవి అవుతున్నాయి, క్షమించండి. ఔలు నగరానికి వెళ్ళే పెద్ద రోడ్డెక్కి నడుపుతాను. పెళ్ళయ్యాక దూరం ఎప్పుడు వెళ్ళినా అతని కారులో, అతను నడుపుతుంటే, వెనక ఐలి పక్కన కూర్చుని రొట్టెలకి వెన్న రాస్తూ వెళ్ళాను. ఇంజను నిండా వేడెక్కేదాకా నడపమన్నాడు మెకానిక్కు. ఆ తర్వాత వెనక్కి తిరగమని మాత్రం అనలేదు.

ఒక్కటే నన్ను గుమ్మం దాటనివ్వట్లేదు. ఆదివారం మామ్మ ఇంటికి వచ్చేది కొత్త అమ్మాయి. తలుపు కొట్టి, పలకకపోతే వెళ్ళిపోతుంది. నేనే అక్కడ ఆగానంటే ఇక పెద్ద రోడ్డెక్కలేను. ఈ ఊళ్ళో ఇది చదివేవాళ్ళు ఎవరైనా ఇవాళ వంతెన అవతలి వైపు వెళ్తుంటే, చెరువు గట్టున చివరి పచ్చ ఇల్లు, దయచేసి ఒకసారి ఆగండి. తలుపు తాళం వేయదు. కొట్టండి, జవాబు రాకపోయినా వెళ్ళిపోకండి, ఆవిడ ఆలస్యంగా పలుకుతుంది. లోపలికి వెళ్ళి ముందు పొయ్యి పక్కన నేల మీద చూడండి.