ఇంజన్ నూనెలో తళుకులు

ఉదయం తొమ్మిదింటికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. పదిహేడు రోజులుగా కరోనాతో అక్కడ ఉన్న చంపాబెన్‌ను ఎల్లుండి ఇంటికి పంపిస్తామన్నారు. ఆమె భర్త నటుభాయ్ ఫోన్ జేబులో పెట్టుకుని, డెబ్బై నాలుగేళ్ల వయసులో, షెడ్డు వరండాలో రెండు గంతులు వేశాడు.

"సోమా, బా వస్తోంది! మన కార్లోనే తీసుకురావాలి."

సోమలింగం ఆయన షెడ్డులో మగ్గాల మెకానిక్. చంపాబెన్‌ను పనివాళ్లంతా గుజరాతీలో 'బా', అంటే అమ్మ, అనే పిలుస్తారు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి జోల్వాలో స్థిరపడి పద్దెనిమిదేళ్లయింది. లాక్‌డౌన్‌లో తోటివాళ్లంతా రైలెక్కి ఊళ్లకు వెళ్లిపోయినా, అతనూ భార్య జమునా షెడ్డు చూసుకుంటూ ఉండిపోయారు. తెలంగాణ పనివాళ్ల మధ్యనే ముసలివాడైన నటుభాయ్‌కి తెలుగు బాగానే పట్టుబడింది.

ఆ లేత నీలం కారు ఆయన పెళ్లయిన ఏడాది కొన్నది. యాభై రెండేళ్ల బండి. అంబులెన్స్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు చంపాబెన్ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "వచ్చేటప్పుడు ఈ డబ్బా వద్దు. మన బండి తీసుకురా" అంది. ఆయన సరేనన్నాడు. ఆ పదిహేడు రోజులూ ఆ ఒక్క మాటను పట్టుకునే బతికాడు.

తీరా స్టార్ట్ చేస్తే, మీటర్ పక్కన నూనె గుర్తున్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంది. డ్రైవర్ మార్చిలోనే ఊరికి పోయాడు. కడోదరా నుంచి ఓంప్రకాష్ అనే కారు మెకానిక్‌ను పిలిపించారు. అతను బండి కిందికి దూరి పాత నూనెను టబ్బులోకి దించాడు. టబ్బును ఎండలోకి లాగగానే ముగ్గురూ దాని మీదికి వంగారు. నల్లటి నూనె మీద సన్నటి తళుకులు, వందలకొద్దీ.

"ఖతమ్ సేఠ్‌జీ," అన్నాడు ఓంప్రకాష్. "లోపల బేరింగులు అరిగి రజను రాలుతోంది. ఇంజన్ దించాలి. సామాను ముంబయి నుంచి రావాలి. నెల పడుతుంది."

నటుభాయ్ మెట్టు మీద కూలబడ్డాడు. "ఎల్లుండికి కాదా?"

"నడిపితే దారిలోనే ఇంజన్ బిగుసుకుపోతుంది. నేనైతే బాను ఎక్కించను."

ఆ మాట న్యాయమైనదే. కానీ సోమలింగానికి ఒకటి అంతుపట్టలేదు. పొద్దున ఇంజన్ నడుస్తున్నప్పుడు బానెట్ మీద చెయ్యి పెట్టి విన్నాడు. మగ్గంలో ఏ బుష్ అరిగినా అతని చెవికి ముందే తెలుస్తుంది. ఇక్కడ కొట్టుకునే చప్పుడు లేదు. మెత్తగా, ఒక్క లయలో నడిచింది.

"భాయ్, బేరింగు ఇంత రాలితే చప్పుడు రావాలె గద?" అన్నాడు.

"మొదట్లో రాకపోవచ్చు," అన్నాడు ఓంప్రకాష్.

సోమలింగం షెడ్డులోంచి రంగు వెయ్యని తెల్లబట్ట గజం చింపి తెచ్చాడు. బకెట్ మూతికి కట్టి నూనె వడకట్టాడు. బట్ట మీద తళుకులు నిలిచాయి. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం దగ్గర పెడితే, కాస్త బూడిదరంగు నూగు మాత్రం అంటుకుంది. తళుకులు కదల్లేదు.

"ఆ నూగు ఏ పాత బండిలోనైనా ఉంటుంది," అన్నాడు ఓంప్రకాష్. "ఇక తళుకులంటావా, బేరింగు లోహం కూడా అయస్కాంతానికి అంటదు. నీ పరీక్షతో ఏమీ తేలదు."

టీ పట్టుకొచ్చిన జమున ట్రే కింద పెట్టి బట్ట మీదికి వంగింది. ఆమె ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే పోగులు కత్తిరించే పని చేస్తుంది. ఒక తళుకును గోటితో ఎత్తి వెలుగుకు పెట్టింది. ఇంకోటి తీసి దాని పక్కన పెట్టింది. మూడోది పెట్టింది.

"ఇగో, జర ఇటు సూడు," అంది మొగుడితో. "ఇవన్నీ ఒక్క వెడల్పే ఉన్నయి. అంచులు బ్లేడుతోని కోసినట్టున్నయి. అరిగి రాలినయి ఇట్లుంటయా?"

"మరేందంటవ్?"

"నాకు జరీ లెక్క కొడ్తుంది."

ఓంప్రకాష్ నవ్వాడు. "భాభీ, ఇంజన్‌లో జరీ ఎలా ఉంటుంది?"

జమున నాలుగు తళుకులను పెట్రోలులో కడిగి, సబ్బునీళ్లలో జాడించి, కొంగుతో అద్ది, దూరంగా పోయి స్టీలు ప్లేటులో ఆరబెట్టింది. దేవుడి పటం ముందు వెలుగుతున్న అగరుబత్తి తెచ్చి దాని కొసను ఒక తళుకుకు తాకించింది. తళుకు టక్కున ముడుచుకుని చిన్న నల్లపూసలా అయిపోయింది. రెండోదీ అంతే. మూడోదాన్ని ఓంప్రకాష్ తానే అంటించి చూశాడు.

"ఇనుమైనా, ఇత్తడైనా అగరుబత్తికి కరుగుతదా?" అంది జమున. "ఇది మెరుపు పూసిన ప్లాస్టిక్. దినాం కత్తిరిస్త, నాకు ఎరుక లేదా?"

ముగ్గురూ నటుభాయ్ వైపు తిరిగారు. ఆయన మాస్కు పైకి లాక్కున్నాడు.

"సేఠ్, ఇంజన్‌ల నూనె ఎవరు పోసిన్రు?" అడిగాడు సోమలింగం.

"నేనే," అన్నాడాయన నెమ్మదిగా. "లాక్‌డౌన్‌లో ప్రతి ఆదివారం స్టార్ట్ చేసేవాణ్ణి. నూనె తగ్గినట్టుంటే పాత డబ్బాలోది పోశాను, మూడుసార్లు. దుమ్ము పడుతుందని... గుడ్డతో వడకట్టాను."

"ఏ గుడ్డ?"

ఆయన వేలెత్తి చూపించాడు. కారు నిలిపే చోట మేకుకు ఒక చీర ముక్క వేలాడుతోంది. జరీ బుటాలది, వెనక పోగులు కత్తిరించినది. జమున దాన్ని తీసి ఒక్కసారి దులిపింది. ఎండలో మెరుపుల వాన కురిసింది.

మొదట నవ్విందెవరో తెలియదు. ఓంప్రకాష్ అయితే కారుకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. "పదిహేనేళ్లలో ఇంజన్‌కు చీర కట్టిన మనిషిని చూడలేదు సేఠ్‌జీ!"

"భగవంతుడా, ఇది బాకు మాత్రం చెప్పకండి," అన్నాడు నటుభాయ్ కళ్లు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్లు నవ్వువో ఏడుపువో ఆయనకే తెలియాలి.

కారణం దొరికినా పని మిగిలే ఉంది. మర్నాడంతా సోమలింగం, ఓంప్రకాష్ బండి కిందే గడిపారు. ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి విప్పితే, నూనె పీల్చే గొట్టం మూతికున్న జల్లెడ మీద జరీ దట్టంగా పట్టేసి ఉంది. లైటు మిణుకుమనడానికి కారణం అదే. జల్లెడ కడిగారు. చేత్తో తడిమి బేరింగులు కూడా చూశారు. గీత లేదు, ఊగులాట లేదు. కొత్త నూనె పోసి పది నిమిషాలు నడిపి, అదీ దించి తెల్లబట్ట మీద వడకట్టారు. రెండే రెండు తళుకులు. మళ్లీ పోసి, మళ్లీ వడకట్టారు. ఈసారి బట్ట శుభ్రంగా ఉంది. తాజా నూనెతో స్టార్ట్ చేస్తే ఎర్ర లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది.

"ఇప్పుడు ఎక్కించొచ్చా?" అడిగాడు నటుభాయ్.

"నా తల్లినైనా ఎక్కిస్తాను," అన్నాడు ఓంప్రకాష్.

మూడో రోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. సోమలింగం నడిపాడు, నటుభాయ్ పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర చక్రాల కుర్చీలో చంపాబెన్ సగమైపోయి కనిపించింది. నీలం కారును చూడగానే కుర్చీలోంచి తానే లేవబోయింది. నర్సు వారించింది.

వెనక సీటులో అద్దాలు దించి కూర్చున్నాక, ఆమె సీటును చేత్తో ఒకసారి నిమిరింది. ఇంటికి పోయే పల్సానా రోడ్డు ఎక్కాక మెల్లగా అంది: "ఇన్ని రోజులూ ఏం చేశావు?"

నటుభాయ్ ఓరకంట సోమలింగాన్ని చూశాడు. సోమలింగం రోడ్డును చూశాడు.

"బండికి కాస్త నూనె మార్చాం," అన్నాడు నటుభాయ్.

"సోమా, ఈయన ఏదో దాస్తున్నాడు," అంది చంపాబెన్. "నువ్వు చెప్పు."

"నేను చెప్తే బాగుండదు బా. ఇంటికాడ జమున ఉన్నది, ఆమెనడుగు," అన్నాడు సోమలింగం, గేరు మారుస్తూ.