ఎత్తున కొట్టిన మేకు

వెర్నన్ హుడక్ మూడో ఇంటి పచ్చికకు కలుపు మందు కొట్టి, అంచున చిన్న పసుపు జెండా గుచ్చాడు. 'ఆరేదాకా పిల్లలు, కుక్కలు రాకూడదు' అని దానిమీద రాసి ఉంటుంది. కంపెనీ దృష్టిలో జెండా గుచ్చితే పని అయిపోయినట్టే. వెర్నన్‌కు మాత్రం అక్కణ్ణుంచే గాభరా మొదలు. కుక్కలకు చదువు రాదు కదా!

అరవై మూడేళ్ళ మనిషి. వంగిన నడుము, ఎండకు కమిలిన మెడ, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. ఒహాయోలోని ఆ శివారు వీధుల్లో ఏ గేటు గడియ సరిగా పడదో, ఏ కుక్క కంచె కింద దూరుతుందో అతనికి కంఠతా వచ్చు.

పదకొండేళ్ళ కిందట ఒక సాయంత్రం అలసిపోయి, మందు అంటిన బూట్లు విప్పకుండానే కుర్చీలో కునుకు తీశాడు. అతని కుక్క నికెల్ పక్కన చేరి వాటిని నాకుతూనే ఉంది. మూడో రోజున పోయింది. "వయసు కూడా కావచ్చు" అన్నాడు డాక్టరు. వెర్నన్ నమ్మలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడనే అనుకోండి, ఆ ఆకుల్ని మాత్రం మళ్ళీ వదల్లేదు.

మధ్యాహ్నం రొట్టె నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. పొద్దున మందు కొట్టిన లిండ్‌క్విస్ట్ ముసలావిడ ఇంట్లో పక్క గేటు చూడలేదు. వ్యాను వెనక్కి తిప్పాడు. ఆఫీసులో తెరమీద వ్యాన్ల జాడ చూస్తుండే కార్లా ఫోను చేసింది.

"మళ్ళీ వెనక్కా? ఆ కుక్కల్ని పెళ్ళాడావా ఏంటి?"

"గడియ చూడలేదు కార్లా."

"ఆవిడకి చెప్పావుగా!"

"ఆవిడకి చెప్పాను. గాలికి చెప్పలేదు."

గేటు తెరిచే ఉంది. పికిల్స్ అనే చెవులు వేలాడే కుక్క తడి గడ్డిలో హాయిగా దొర్లుతోంది. వెర్నన్ పరిగెత్తి దాన్ని ఎత్తుకుని, గొట్టం నీళ్ళతో ఒళ్ళూ పాదాలూ వేళ్ళ సందులూ కడిగాడు. చాలదనిపించి మళ్ళీ కడిగాడు.

"ఏమయ్యా, గడ్డికి మందు కొట్టమంటే నా కుక్కకి స్నానం చేయిస్తున్నావా?" అంటూ ముసలావిడ బయటికొచ్చింది.

"పాదాలు నాకనివ్వకండి మేడమ్. వాంతి చేసుకున్నా, వణికినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

ఛాతీ రుద్దుకుంటూ వ్యానెక్కాడు.

సాయంత్రంలోగా ఆవిడకు మూడుసార్లు ఫోను చేశాడు. మూడోసారి ఆవిడ విసుక్కుంది: "శుభ్రంగా తింటోందయ్యా! ఇక నన్ను తిననివ్వు!" వెర్నన్ నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు.

మర్నాడు అతను పనికి రాలేదు. ఫోను ఎత్తలేదు. కార్లాయే వెళ్ళి చూసింది. కుర్చీలోనే, నిద్రలోనే పోయాడు. ఆమె ఏడ్చింది. కాసేపటికి, పాపం కుక్క ఆకలితో ఉంటుందని ఇల్లంతా వెతికింది. ఈ ఇంట్లో కుక్క లేక పదకొండేళ్ళయిందని ఆమెకు తెలియదు.

వసారా గోడకు, ఏ కుక్కా ఎగిరి అందుకోలేనంత ఎత్తున కొట్టిన మేకుకు, కడిగిన రబ్బరు బూట్లు వేలాడుతున్నాయి.