సూది గుచ్చకుండానే చెప్పిన తీర్పు

గడ్డలో సూది గుచ్చకుండానే మా అక్కకు చావు రాసింది మీరే. కరీంనగర్‌లో అద్దాల ఆస్పత్రి పెట్టుకున్న డాక్టర్లూ, మిమ్మల్నే అంటున్నాను.

మా దేవకక్కది ఆదిలాబాద్ జిల్లా బోథ్ పక్క ఊరు. ఎముక మజ్జలో పుట్టే మైలోమా, అదీ రక్త కాన్సరే, రెండేళ్లుగా మందులతో అదుపులో ఉంది. కిందటి నెల చంకలో నిమ్మకాయంత గడ్డ లేచింది. మీరు రక్తం తీశారు. అందులో ఏవో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తగ్గిపోయాయన్నారు. కాన్సర్ మజ్జ దాటి కండలోకి వచ్చింది, ఇక మందులు దండగ, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె రవిక చెయ్యి జరిపి చూసినవాడు ఒక్కడు లేడు.

అక్క మందులు మానేసింది. నేను ఊరుకోలేదు, బలవంతంగా ఆదిలాబాద్ తీసుకుపోయాను. అక్కడ యుమ్నా అనే డాక్టరమ్మ ముందు భుజం చూసింది. నల్లగా కాలిన చుక్కలు, చుట్టూ చీము.

“గిదేందమ్మా?”

అక్క తల దించుకుంది. “నొప్పికి జీడి పెట్టించుకున్న బిడ్డా.”

మా దిక్కు అది మామూలే. నల్లజీడి గింజ వేడిచేసి, కారిన నూనెతో నొప్పి ఉన్నచోట చుక్కలు పెడతారు. ఒళ్లు పొక్కుతుంది.

“కరీంనగర్ల ఎందుకు చెప్పలే?”

“చెప్తె తిడ్తరు గదా. ఒకామెను అందరి ముంగట అడివి మనిషివా అన్నరు.”

“నేను సుత తిడ్త,” అంది యుమ్నా నవ్వుతూ. “ముందుగాల జర చెయ్యెత్తు.”

గడ్డలోంచి సూదితో తీసిన చుక్కను పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా అక్క సరిగ్గా ముద్ద ముట్టలేదు. తన గాజులు ఎవరికివ్వాలో చెబుతూనే ఉంది.

“చీమే. కాన్సర్ కణం ఒక్కటి లేదు,” అంది యుమ్నా. “జీడి పుండు చెడి గడ్డ కట్టింది. మైలోమా ఉన్నోళ్లకు జల్ది చీము పడ్తది. పుండు మానంగనే పాత మందులు మళ్ల షురూ చెయ్యాలె.”

నేను బల్ల మీద కూర్చున్నాను. కళ్లు తుడుచుకుంటుంటే అక్క ఎత్తిపొడిచింది. “ఏం తమ్మీ, నా పత్తిచేను నీకు రాకపాయెనని ఏడుస్తున్నవా?”

“మరి గా మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఉత్తదేనా మేడం?” అన్నాను.

“ఉత్తది కాదు. గవి కణం లోపట చిన్న చిన్న ముక్కలు. ఏ జన్యువు ఎంత పని చెయ్యాల్నో గవే చూసి ఆపుతయి, వదుల్తయి. గా లెక్క తప్పితే కాన్సర్ కణం మజ్జ మీద పట్టు ఇడిసి బైట పడొచ్చు. పరిశోధన నడుస్తుంది. కానీ గవి చీముకు సుత మారుతయి. గా ఒక్కటి చూసి గడ్డ కాన్సరే అనే కాలం ఇంకా రాలే.”

తిరుగుదారిలో అక్క గుడిహత్నూర్‌లో బండి ఆపించి అటుకుల పోహా తిన్నది. నా ప్లేటు కూడా లాక్కున్నది.

ఇక మీ సంగతి. పరిశోధనలో ఉన్నదాన్ని తీర్పు అని చెప్పడం ఇవాళే ఆపండి. గడ్డ ఏదైనా సరే, ముందు సూది పరీక్ష చెయ్యాలి, అది జిల్లా జిల్లాకు ఉండాలి. జీడి పెట్టుకున్నామంటే తిట్టకండి, ఎక్కడ పెట్టుకున్నారని అడగండి. మనిషిని ముట్టి చూడండి, తర్వాతే నోరు తెరవండి.