వాయిదా రోజున సెమినార్

స్టేజీ మీద మూడో కుర్చీలో తన వకీలు కూర్చుని ఉండటం చూసేదాకా రెబెక్కకు ఏ అనుమానమూ రాలేదు.

ముందు రోజు సాయంత్రం లా కాలేజీ నుంచి సాయిప్రియ ఫోన్ చేసింది. కాలేజీ వాళ్లు శనివారాలు ఉచితంగా నడిపే లీగల్ క్లినిక్‌లో ఈ సెమిస్టర్‌కి రెబెక్క కేసు చూస్తున్నది ఆ అమ్మాయే.

"ఆంటీ, రేపు పదింటికి దిల్‌సుఖ్‌నగర్ రావాలండి. పెద్ద సెమినార్. మిమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టమన్నారు మా సార్."

"రేపు నా వాయిదా గదా బిడ్డా. ఈసారి వాదించకపోతే కొట్టేస్తనన్నడు జడ్జి."

"వాదించేది సందీప్ గారు కదండీ, మీరెందుకు? అంతా ధనరాజ్ సార్ చూసుకుంటారు. సార్ పేపర్ చదివేది మీ కేసు మీదే."

కాదనలేకపోయింది రెబెక్క. పైసా తీసుకోకుండా కేసు వేసిపెట్టారు వాళ్లు. భర్త చనిపోయిన ఏడాదే, ఒక ఆదివారం తనూ కూతురు జోస్నా చర్చికి వెళ్లొచ్చేసరికి మరిది ఆనంద్ కుమార్ తాముండే పైపోర్షన్‌కి తాళం వేశాడు. అది రెబెక్క మామగారు కట్టిన ఇల్లు. కోర్టు ఆర్డరుతోనే ఆ తాళం తీయించారు. కేసు ఉన్నంతకాలమే ఆ ఆర్డరు. అయితే ఆరు నెలలకోసారి క్లినిక్‌లో పిల్లలు మారిపోయేవారు. కొత్తగా వచ్చినవాళ్లకు భర్త జబ్బు దగ్గర్నుంచి మళ్లీ చెప్పాలి. వాళ్ల పరీక్షలని ఒకసారి, సెలవులని ఇంకోసారి వాయిదాలు అడిగారు. జడ్జికి విసుగు రాదా మరి.

ధనరాజ్ సార్ మైకు ముందు నిలబడి "ఆర్ అనే మహిళ" అంటున్నాడు. తెర మీద రెబెక్క ఇంటి మెట్లు కనిపించాయి. పిల్లలు ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు తీసిన ఫోటో. మెట్ల మీద తన ఆకుపచ్చ బకెట్టు, జోస్నా చెప్పులు. హాలంతా వాటినే చూస్తోంది. ఆ బకెట్టయినా పక్కకు పెట్టకపోయానే అనుకుంది. అప్పుడే ఆమె చూపు తెర మీద నుంచి కుర్చీల మీదికి దిగింది. సందీప్ ఆమెను చూసి నవ్వి నమస్కారం పెట్టాడు.

రెబెక్క లేచి స్టేజీ పక్కకు నడిచింది. సాయిప్రియ వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"సార్, మీరు కోర్టుకు పోలేదా?"

సందీప్ కుర్చీలోంచే వంగి, "ధనరాజ్ సార్ వేరే డేట్ తీసుకున్నరు గదమ్మా?" అన్నాడు.

"సార్ ఎలా తీసుకుంటారండి?" అంది సాయిప్రియ. "ఆయన లెక్చరరు, కోర్టులో నిలబడకూడదు కదా. అందుకే కదా మీరు..."

సందీప్ గడియారం చూసుకున్నాడు. "జర ఆగమ్మా. దీని తర్వాత నా సన్మానమే. శాలువ కప్పంగనే పోదాం."

ఆ కాలేజీలోనే చదివి పేదల కేసులు ఉచితంగా వాదిస్తున్నందుకు సన్మానం. రెబెక్క ఆగలేదు. మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగి, కోర్టు దాకా సగం నడిచి, సగం పరుగెత్తింది.

కోర్టు హాలు బయట బంట్రోతు ఆమె మొహం చూసి గుర్తుపట్టాడు. "రెండుసార్లు పిలిచిన. ఎవ్వరు పలకలే. కొట్టేసిన్రమ్మా."

"నేనొచ్చిన గదా ఇప్పుడు."

"ఇప్పుడొస్తే ఏం లాభం? వకీలేడి?"

గేటు దగ్గర ఆనంద్ కుమార్ బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని కళ్లు ఆమె మెడలో వేలాడుతున్న కాలేజీ బ్యాడ్జీ మీద పడ్డాయి.

"గౌరవ అతిథి అంట. మంచిగ పెట్టిన్రా వదినా భోజనం?"

అతను బండి స్టార్ట్ చేసి ఇంటివైపు తిప్పాక గాని రెబెక్కకు తట్టలేదు, పైన ఇంట్లో ఎవరూ లేరని. వెంటనే ఫోన్ తీసింది.

"జోస్నా, ఏడున్నవే?"

"కాలేజీల. ఏందమ్మా?"

"ఉరుకు. ఇంటికి పోయి లోపల గొళ్లెం పెట్టుకో. మీ చిన్నాయిన ఒస్తున్నడు. నేనొచ్చేదాక తియ్యకు."

జోస్నా ఇంటర్ కాలేజీ చైతన్యపురిలో, ఇంటికి రెండు వీధుల దూరం. రెబెక్క ఆటో దిగేసరికి ఆనంద్ కుమార్ పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కొత్త తాళం. తలుపు లోపలి నుంచి గొళ్లెం పెట్టి ఉంది.

"ఎన్ని రోజులుంటరు లోపల?" అన్నాడు.

"నువ్వెన్ని రోజులు కూసుంటవు బయట? జరుగు."

అతను కాలు మాత్రమే జరిపాడు. ఆమె దాటుకుని వెళ్లి తలుపు తట్టింది. జోస్నా ఆమెను లోపలికి లాగి మళ్లీ గొళ్లెం పెట్టింది.

ఆ పిల్ల ఇంకా రొప్పుతోంది. "రేపు నాకు ప్రాక్టికల్స్ ఉన్నయమ్మా."

"పో. నేనుంటా. నేను కుట్టే షాపుల జాకెట్లు ఇంటికే తెచ్చుకుని కుడ్త. ఇద్దరం ఒక్కసారి బయటికి పోవద్దు, గంతే."

పొద్దుగూకుతుంటే సాయిప్రియ ఫోన్ చేసింది. ఏడ్చినట్టుంది గొంతు. "సారీ ఆంటీ. మళ్లీ కొత్తగా పిటిషన్ వేద్దామన్నారు సార్. శనివారం క్లినిక్‌కి రండి."

"జోస్నా కాలేజీకి పోయినంక నేను గడప దాటితే తాళం పడ్తది బిడ్డా. మీరే రండి ఈడికి."

"కాలేజీ బయట కూర్చోవాలంటే సార్ పర్మిషన్ కావాలండీ. అదీకాక..." సాయిప్రియ నసిగింది. "శనివారం నుంచి కొత్త బ్యాచ్. నాకు సెమిస్టర్ అయిపోయింది. వాళ్లకి మీరు ఒకసారి మొదటినుంచి చెప్తే..."

తలుపు అవతల మెట్ల మీద ఆనంద్ కుమార్ దగ్గు వినిపించింది.

"చెప్త," అంది రెబెక్క. "ఫోన్ల చెప్త, కిటికీలకెళ్లి చెప్త. మీ సార్ పర్మిషన్ ఇస్తే కొత్త పిల్లల్ని మెట్ల మీద కూసోని వినుమను. ఈడికెళ్లి మాత్రం నేను లేవ."

ఫోన్ పెట్టేసి, కుర్చీని తలుపుకు అడ్డంగా జరుపుకుని కూర్చుంది.